ఇంటి నలుమూలలకూ అంతర్జాలం

ఇంటి గుమ్మం వరకు అంతర్జాలం రావడం ఒక ఎత్తు. ఆ ఇంటిలోని ప్రతి గదికీ అది చేరడం మరొక ఎత్తు. వీధిలోని స్తంభం మీదుగా వచ్చిన ఫైబరు తీగ సాధారణంగా ముందుగదిలో, టీవీ బల్ల దగ్గర ఆగిపోతుంది. దానిని బిగించడానికి వచ్చిన వ్యక్తి తీగ తక్కువ పట్టే చోటు, ప్లగ్గు దగ్గరగా ఉన్న చోటు చూసి అక్కడే రూటరును అమర్చి వెళ్తాడు. ఆ చోటు ఇంటివారందరికీ అనుకూలమా కాదా అనే ప్రశ్న అప్పటికి ఎవరికీ తోచదు. కొద్ది రోజులలోనే విషయం బయటపడుతుంది. ముందుగదిలో సినిమా నిరాటంకంగా సాగుతుంది. పడకగదిలో అదే సినిమా మధ్య మధ్య ఆగుతుంది. మేడమీది గదిలో ఫోను తెరపై వైఫై గుర్తు ఒకే ఒక గీతగా మిగిలి, చివరకు అదీ మాయమవుతుంది.

కొన్నేళ్ళ క్రితం వరకు ఇది వినోదానికి మాత్రమే సంబంధించిన ఇబ్బందిగా కనిపించింది. 2020 మార్చిలో కరోనా కారణంగా కళాశాలలు మూతపడి, పాఠాలు తెరమీదికి వచ్చిన తరువాత దాని అసలు స్వరూపం తెలిసింది. ఇద్దరు ముగ్గురు చదువుకునేవారున్న ఇంటిలో సిగ్నలు అందే గది ఒక్కటే అయినప్పుడు, అక్కడ ఎవరు కూర్చోవాలన్నది చిన్న విషయం కాదు. టీవీ చప్పుడు, వచ్చేపోయేవారి మాటలు వినిపించే ముందుగదిలోనే పాఠం వినవలసి రావడం, లేదా ఎండలో మేడమెట్ల మీద కూర్చోవడం ఎందరికో అనుభవంలోకి వచ్చింది. ఆ రోజులు గడిచిపోయినా ప్రవేశాల వెబ్ ఆప్షన్ల నమోదు, ఉపకార వేతనాల దరఖాస్తు, ఉద్యోగాల ఇంటర్వ్యూలు అంతర్జాలం ద్వారానే జరుగుతున్నాయి. గడువు ముగియడానికి పది నిమిషాల ముందు సంబంధం తెగిపోతే నష్టపోయేది వెనుకగదిలో కూర్చున్న విద్యార్థే.

ఇటువంటప్పుడు చాలామంది చేసే మొదటి పని ఎక్కువ వేగం గల ప్లానుకు మారడం. దానివల్ల ప్రయోజనం తక్కువ. వీధి కుళాయికి వచ్చే నీటి ధార పెరిగినంత మాత్రాన మేడమీది తొట్టి నిండదు; అక్కడి వరకు గొట్టం వేయాలి. సేవలందించే సంస్థకు చెల్లించే సొమ్ము రూటరు వరకు వచ్చే వేగాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది. రూటరు నుండి చేతిలోని ఫోను వరకు జరిగే ప్రయాణం ఇంటి గోడలపైన, దూరంపైన ఆధారపడి ఉంటుంది. ఆ రెండవ ప్రయాణాన్ని చక్కదిద్దే సాధనమే రెండవ రూటరు.

నిజానికి ఈ సమస్య ఇటీవలిదే. మన దేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాలం 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. ఆనాడు టెలిఫోను తీగ ఉన్నచోటనే కంప్యూటరు ఉండేది. ఇంటికి ఒకటే, అదీ కదలనిది. 2004 నాటి జాతీయ బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్ని బ్రాడ్‌బ్యాండ్ అని నిర్వచించింది. ఇప్పుడు ఒకే ఇంటిలో నాలుగైదు ఫోనులు, ఒక టీవీ, ఒక ల్యాప్‌టాప్, ఒక నిఘా కెమెరా ఏకకాలంలో అంతర్జాలాన్ని కోరుతున్నాయి. అవి ఒక్కచోట ఉండేవి కావు. మనుషులతో పాటు గది గదికీ తిరిగేవి.

రూటరు అని వాడుకలో పిలిచే పెట్టె నిజానికి ఒకే పని చేసేది కాదు. ఫైబరు ద్వారా వచ్చే కాంతి సంకేతాలను విద్యుత్ సంకేతాలుగా మార్చే పరికరం కొన్ని పెట్టెలలో లోపలే ఉంటుంది, కొన్ని ఇళ్ళలో వేరుగా ఉంటుంది. ఆ పైన మూడు పనులున్నాయి. ఇంటి లోపలి పరికరాలకు, బయటి ప్రపంచానికి మధ్య ద్వారపాలకునిలా నిలవడం మొదటిది. ఇంటిలోని ప్రతి పరికరానికీ ఒక ఐపీ చిరునామా కేటాయించడం రెండవది. రేడియో తరంగాల ద్వారా ఫోనులతో మాట్లాడడం మూడవది. రెండవ రూటరును తెచ్చినప్పుడు దానికి కావలసింది ఈ మూడవ పని ఒక్కటే. మొదటి రెండూ ఇంటికి ఒక్కరే చేయవలసినవి. ఈ తేడా తెలియకపోవడం వల్లనే కొత్త రూటరు కొన్నవారిలో సగానికి సగం తలనొప్పులు పుడతాయి.

ముందుగా తరంగాల సంగతి. రేడియో తరంగాలు గోడలను దాటగలవని మన దేశంలో బహిరంగంగా నిరూపించినవాడు జగదీశ్ చంద్ర బోస్. 1895లో కలకత్తా టౌన్ హాలులో ఆయన కంటికి కనిపించని తరంగాలను గోడలు దాటించి, దూరంగా ఉన్న గంటను మోగించి చూపాడు. అయితే దాటడం వేరు, బలం కోల్పోకుండా దాటడం వేరు. తరంగం సాగే కొద్దీ చుట్టూ విస్తరిస్తుంది కనుక, ఆటంకం ఏదీ లేని చోట కూడా దూరం రెట్టింపు అయితే అందే శక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది. గోడ అడ్డువస్తే అందులో మరికొంత హరించుకుపోతుంది. ఇటుక గోడ కొంత మేరకు దారి ఇస్తుంది. ఇనుప చువ్వలు అల్లిన కాంక్రీటు శ్లాబు అంత ఉదారమైనది కాదు. అందుకే పక్కగదికి అందిన సిగ్నలు సరిగ్గా నెత్తిమీద ఉన్న మేడగదికి అందదు. ఇక ఇనుప బీరువా, పెద్ద అద్దం, నీటి తొట్టి తరంగాలకు బద్ధ శత్రువులు. లోహం వాటిని వెనక్కు తిప్పికొడుతుంది, నీరు పీల్చుకుంటుంది.

వైఫై ప్రధానంగా రెండు పట్టీలలో పనిచేస్తుంది. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండవది 5 గిగాహెర్ట్జ్. మొదటి దాని తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు, రెండవ దానిది సుమారు 6 సెంటీమీటర్లు. మొదటిది గోడలను కొంత మెరుగ్గా దాటి దూరం పోతుంది కాని వేగం తక్కువ. రెండవది వేగవంతమైనది కాని రెండు గోడలకే అలసిపోతుంది. పైగా 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని మన ప్రభుత్వం 2005లో లైసెన్సు అవసరం లేకుండా ఎవరైనా వాడుకోవడానికి అనుమతించింది. వైఫై ఇంటింటికీ రావడానికి అది మేలు చేసింది. అదే కారణంగా అపార్టుమెంటులో పై ఇంటివారి రూటరు, పక్కింటివారి రూటరు, వంటగదిలోని మైక్రోవేవ్ పొయ్యి, చెవిలోని బ్లూటూత్ పరికరం అన్నీ ఆ ఇరుకు వీధిలోనే నడుస్తున్నాయి.

రెండవ రూటరు కొనడానికి ముందు, ఉన్నదానిని కదిలించి చూడడం వివేకం. టీవీ వెనుక, నేలమీద, చెక్క అలమారు లోపల దాచిన రూటరును ఇంటి నడిమిభాగానికి తెచ్చి, మనిషి ఎత్తులో గోడకు బిగిస్తే చిన్న ఇళ్ళలో సమస్య అక్కడితో తీరిపోవచ్చు. అందంగా కనిపించదని దానిని షోకేసులో పెట్టి తలుపు మూసేవారున్నారు. దీపం వెలిగించి పైన బుట్ట బోర్లించినట్లే అది. మార్చిన తరువాత ఫలితాన్ని కొలిచి చూడాలి. ఫోనులో వైఫై బలాన్ని చూపే ఉచిత సాధనాలున్నాయి. అవి చూపే అంకెలు రుణాత్మకంగా ఉంటాయి. మైనస్ 50 అంటే సిగ్నలు దృఢంగా ఉన్నదని అర్థం. మైనస్ 67 దాకా వీడియో పాఠాలకు ఢోకా ఉండదు. మైనస్ 80 దాటితే సంబంధం ఉన్నా లేనట్లే. చూడడానికి 50కి, 80కి తేడా స్వల్పమనిపిస్తుంది. ఈ కొలత ప్రతి 10 మెట్లకు పదిరెట్లు మారుతుంది కనుక ఆ రెంటి మధ్య తేడా వెయ్యి రెట్లు. ఇంటి పటాన్ని కాగితం మీద గీసి, గది గదికీ ఈ అంకెను వేసుకుంటే రోగం ఎక్కడున్నదో స్పష్టమవుతుంది.

అప్పటికీ మేడగది చీకటిలోనే ఉంటే రెండవ రూటరు తప్పదు. దానిని మొదటి దానితో కలపడానికి ఉన్న మార్గాలలో అన్నిటికంటె ఉత్తమమైనది తీగ. వైఫైని విస్తరించడానికి తీగ కావడమేమిటని వింతగా తోచవచ్చు. తరంగాలకు కష్టమైన శ్లాబును, గోడలను తీగ అవలీలగా దాటిస్తుంది. ఆపైన గదిలోపలి కొద్దిపాటి దూరమే తరంగాలకు మిగులుతుంది. తీగకు, తరంగానికి బంధుత్వం పాతదే. 1971లో హవాయి ద్వీపాలలోని కంప్యూటర్లను రేడియో ద్వారా కలిపిన అలోహానెట్ అనే ప్రయోగమే, 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ రూపొందించిన ఈథర్‌నెట్‌కు ప్రేరణ. ఈనాడు రూటర్ల వెనుక గుచ్చే తీగ ఆ ఈథర్‌నెట్ సంతతిదే.

ఆ తీగలో ఎనిమిది సన్నని రాగితీగలు, జంటకు రెండు చొప్పున మెలివేసిన నాలుగు జంటలుగా ఉంటాయి. బయటి విద్యుత్ అలజడి సంకేతాలను చెడగొట్టకుండా కాపాడేది ఆ మెలికే. క్యాట్ 5ఈ అని ముద్రించిన తీగ 100 మీటర్ల వరకు సెకనుకు ఒక గిగాబిట్ వేగాన్ని మోయగలదు. ఏ ఇంటికైనా అది చాలు. అయితే గిగాబిట్ వేగానికి నాలుగు జంటలూ కావాలి. 100 మెగాబిట్ల వేగానికి రెండు జంటలు చాలు. అందువల్ల చివర పిన్ను సరిగా బిగించక ఒక తీగ ఊడిపోతే అంతర్జాలం ఆగకపోవచ్చు; 100 మెగాబిట్లకు పడిపోయి నడుస్తుంది. కారణం తెలియక ఇంటివారు సంస్థపై ఫిర్యాదు చేస్తారు. ఈ తీగను కరెంటు తీగలున్న గొట్టంలోనే దూర్చడం మంచిది కాదు. మేడ పిట్టగోడ వెంట ఆరుబయట లాగితే ఎండకు పైతొడుగు పెళుసుబారి పగులుతుంది. బయట వాడేందుకు తయారు చేసిన తీగనే ఎంచుకోవాలి. పెరటిలో వేరుగా కట్టిన గదికైతే రాగితీగ కంటె ఫైబరు క్షేమం. పిడుగుపాటు సమయంలో రాగితీగ విద్యుత్ ఉప్పెనను ఇంటిలోని పరికరాల వరకు మోసుకువస్తుంది; గాజుతో చేసిన ఫైబరు మోయదు.

తీగ వేసిన తరువాత చిరునామాల వ్యవహారం చూడాలి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ప్రపంచమంతటా ఇళ్ళలో, కార్యాలయాలలో లోపలి వాడకానికి కొన్ని చిరునామాలను ప్రత్యేకించి ఉంచారు, 192.168 తో మొదలయ్యేవి వాటిలో ఒక వర్గం. చాలా రూటర్లు కర్మాగారం నుండి వచ్చేటప్పుడే 192.168.1.1 వంటి చిరునామాను తమకు తాము పెట్టుకొని వస్తాయి. కొత్త రూటరు కూడా అదే చిరునామాతో రావచ్చు. ఒకే వీధిలో రెండు ఇళ్ళకు ఒకే నంబరు ఉంటే తపాలా బంట్రోతు ఏ గుమ్మం తట్టాలి? పైగా ఇద్దరూ వచ్చినవారికల్లా నంబర్లు పంచుతూ కూర్చుంటారు. చిరునామాలు పంచే ఈ ఏర్పాటును డీహెచ్‌సీపీ అంటారు. రెండు రూటర్లూ ఆ పని చేస్తుంటే, ఫోను ఒకసారి ఒకరి దగ్గర, మరొకసారి మరొకరి దగ్గర చిరునామా పుచ్చుకొంటుంది. ఉదయం చక్కగా పనిచేసిన అంతర్జాలం మధ్యాహ్నానికి మొరాయిస్తుంది. పూర్తిగా పనిచేయని యంత్రాన్ని బాగుచేయవచ్చు. అప్పుడప్పుడు పనిచేసే యంత్రం మనిషిని విసిగిస్తుంది.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. రెండవ రూటరును మొదటి దానికి కలపక ముందే, విడిగా ఒక కంప్యూటరుకు కలిపి దాని అమరికల పుటను తెరవాలి. ఆ పుట చిరునామా, తొలి పాస్‌వర్డ్ రూటరు అడుగున అతికించిన చీటీ మీద ఉంటాయి. అందులో దాని చిరునామాను 192.168.1.2 అని మార్చి, డీహెచ్‌సీపీని నిలిపివేయాలి. మొదటి రూటరు పంచే చిరునామాల వరుసలో ఈ సంఖ్య లేకుండా చూసుకోవాలి. ఆ తరువాత మొదటి రూటరు లాన్ రంధ్రం నుండి వచ్చిన తీగను రెండవ రూటరు లాన్ రంధ్రంలోనే గుచ్చాలి. వేరే రంగులో ఊరిస్తూ కనిపించే వాన్ రంధ్రాన్ని ఖాళీగా వదలాలి. ఈ విధంగా చేసినప్పుడు రెండవ రూటరు ద్వారపాలకుని పదవి వదులుకొని, తరంగాలను పంపే పనికే పరిమితమవుతుంది. ఇటీవలి రూటర్లలో యాక్సెస్ పాయింట్ అనే ఒక ఎంపిక ఉంటున్నది. దానిని నొక్కితే ఈ మార్పులన్నీ వాటంతట అవే జరుగుతాయి. అప్పుడు తీగను ఏ రంధ్రంలో గుచ్చాలో ఆ రూటరుతో వచ్చిన పుస్తకం చెబుతుంది. చాలావరకు అది వాన్ రంధ్రమే.

ఈ మార్పులేవీ చేయకుండా వాన్ రంధ్రంలో తీగ గుచ్చితే ఏమవుతుంది? రెండు రూటర్లూ ఒకే చిరునామాల వరుసను వాడుతుంటే సంబంధం కుదరదు. వేరు వేరు వరుసలైతే అంతర్జాలం వస్తుంది కాని, ఇంటి లోపల మరొక ఇల్లు కట్టినట్లవుతుంది. మేడమీది ల్యాప్‌టాప్‌కు కింద ఉన్న ప్రింటరు కనిపించదు. కొన్ని ఆటలు, కెమెరాలు పనిచేయవు. హాల్‌టికెట్టును ముద్రించుకోవలసిన రోజునే ఈ లోపం బయటపడడం కద్దు.

తీగ వేయడానికి వీలులేని ఇళ్ళుంటాయి. అద్దె ఇంటి గోడకు రంధ్రం వేస్తానంటే యజమాని ఒప్పుకోకపోవచ్చు. అటువంటివారికి రిపీటరు ఉన్నది. అది మొదటి రూటరు తరంగాన్ని అందుకొని తిరిగి ప్రసారం చేస్తుంది. రెండవ రూటర్లలో కొన్ని ఈ పని కూడా చేయగలవు. దీనిని అమర్చడంలో దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటున్నది. సిగ్నలు లేని గదిలోనే దానిని పెడతారు. వినపడని మాటను ఎవరు తిరిగి చెప్పగలరు? రిపీటరును ఉంచవలసింది సిగ్నలు ఇంకా బలంగా అందుతున్న చోట, ఇంచుమించు సగం దారిలో. మేడకైతే మెట్ల మలుపులో. ఫోనులో మైనస్ 60 చుట్టుపక్కల అంకె కనిపించే తావు తగినది. ఇంత జాగ్రత్త తీసుకున్నా ఒక నష్టం తప్పదు. ఒకే పట్టీలో విని, అదే పట్టీలో చెప్పే రిపీటరు ఏకకాలంలో రెండూ చేయలేదు. ఒక క్షణం వింటుంది, మరొక క్షణం చెబుతుంది. అందువల్ల వేగం సుమారు సగానికి తగ్గుతుంది. రెండు పట్టీలున్న రిపీటరు ఒక పట్టీలో విని మరొక పట్టీలో చెప్పి ఈ నష్టాన్ని కొంత తగ్గిస్తుంది. మెష్ అనే పేరుతో అమ్ముతున్న జంట పెట్టెలలో ఖరీదైనవి, తమలో తాము మాట్లాడుకోవడానికే ఒక పట్టీని కేటాయించుకొంటాయి. అవి సౌకర్యమైనవే, కాని రెండు వందల గజాల ఇంటికి వాటిపై వేలకు వేలు వెచ్చించే ముందు, ఒక చుట్ట తీగ వెల ఎంతో అడిగి తెలుసుకోవడం మేలు.

రెండవ రూటరు వైఫైకి ఏ పేరు పెట్టాలి? మొదటి దాని పేరు, పాస్‌వర్డ్, భద్రతా పద్ధతి యథాతథంగా పెడితే, ఫోను కింది నుండి పైకి వెళ్ళినప్పుడు తనంతట తాను కొత్త రూటరుకు మారుతుంది. మారే నిర్ణయం మాత్రం రూటరుది కాదు, ఫోనుది. కొన్ని ఫోనులు పాత స్నేహాన్ని వదలలేక, కింది రూటరు బలహీన స్వరాన్నే పట్టుకొని వేలాడుతుంటాయి. ఒకసారి వైఫైని ఆపి తిరిగి వేస్తే దారికి వస్తాయి. పేరు ఒకటే అయినా ఛానలు మాత్రం వేరుగా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానిపై ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 ఛానళ్ళు. మొదటి రూటరు 1లో ఉంటే రెండవదానిని 6లోనో 11లోనో ఉంచాలి. తీగ లేకుండా పనిచేసే రిపీటరుకు ఈ స్వేచ్ఛ లేదు. అది వినే ఛానలులోనే ఉండక తప్పదు.

అటకమీద పడి ఉన్న పాత రూటరును ఇందుకు వాడవచ్చునా అంటే, చాలా సందర్భాలలో వాడవచ్చు. వెనుక ఉన్న చిన్న రంధ్రంలో పుల్లతో పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకొంటే పాత అమరికలు చెరిగిపోతాయి. అయితే దాని భద్రతా పద్ధతిని పరీక్షించాలి. డబ్ల్యుపీఏ 2 గాని, డబ్ల్యుపీఏ 3 గాని లేనిదానిని వాడకూడదు. అంతకు ముందటి డబ్ల్యుఈపీ పద్ధతిని నిమిషాలలో ఛేదించవచ్చునని నిపుణులు ఏనాడో నిరూపించారు. ఇంటికి రెండు తలుపులుంటే, వీధి తలుపుకు గట్టి తాళం వేసి పెరటి తలుపును గడియ లేకుండా వదలిన చందమవుతుంది. కర్మాగారం ఇచ్చిన అమరికల పాస్‌వర్డ్‌ను మార్చడం కూడా ఇక్కడ మరువరాదు. సాధారణంగా మొదటి రూటరుకు మార్చినవారే రెండవదానికి బద్ధకిస్తారు.

మిగిలింది విద్యుత్తు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద ముందుగది రూటరు వెలుగుతూనే ఉంటుంది. మేడగది ప్లగ్గుకు ఇన్వర్టరు లైను లేకపోతే రెండవది ఆరిపోతుంది. దానితో పాటే అక్కడి విద్యార్థి పాఠమూ ఆగిపోతుంది. రూటరు అడాప్టరు మీద ముద్రించిన వోల్టులకు సరిపోయే చిన్న బ్యాటరీ పెట్టెలు అంగళ్ళలో దొరుకుతున్నాయి. చాలా రూటర్లకు కావలసింది 12 వోల్టులు. మేడమీద ఏ ప్లగ్గుకు ఇన్వర్టరు లైను ఉన్నదో గోడకు రంధ్రం వేయడానికి ముందే చూసుకుంటే, తీగను ఎక్కడికి లాగాలన్నది కూడా అప్పుడే తేలిపోతుంది.